పళ్ల డాక్టరు పొరపాటు చేశారనిపిస్తే ముందు కాగితాలు చేతికి తెచ్చుకో

అమ్మడూ,

నీ మెసేజ్ చదివాను. కింద దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు, నొప్పి మాత్రం పోలేదు. వేరే క్లినిక్‌కి వెళితే ఎక్స్-రే చూసి, "లోపల ఫైల్ ముక్క ఉండిపోయింది, ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారు. ఫైల్ అంటే పంటి వేరు లోపలి కాలువను గీకి శుభ్రం చేసే సన్నని లోహపు పనిముట్టు. కేసు వెయ్యనా, డబ్బు వెనక్కి అడగనా అని నన్నడిగావు. ఇన్నేళ్లు పళ్ల డాక్టరుగా చేసి, ఇలాంటి ఫిర్యాదుల విచారణల్లో కూడా కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

దానికి ముందు ఒక ప్రశ్న. నీ కింది పెదవికి గానీ గడ్డానికి గానీ తిమ్మిరి ఉందా? ఆ సంగతి నువ్వు రాయలేదు. మత్తు ఇంజెక్షన్ తిమ్మిరి కొన్ని గంటల్లో దిగిపోవాలి. అలా దిగకపోతే, పంటి వేరు దాటి బయటికి వచ్చిన మందు కింద ఉన్న నరాన్ని నొక్కుతూ ఉండొచ్చు. ఆలస్యం చేసేకొద్దీ అది బాగుపడే అవకాశం తగ్గుతుంది కాబట్టి వెంటనే నోటి సర్జన్‌కి చూపించాలి. దవడ కింద వాపు పెరగడం, నోరు తెరుచుకోకపోవడం, మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బంది పడటం, వీటిలో ఏది కనిపించినా క్లినిక్‌లు వెతుక్కోకుండా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు. ఫిర్యాదు ఎక్కడికీ పోదు.

ఇక ఆ ఫైల్ సంగతి. రూట్ కెనాల్ ఫైళ్లలో కొస దగ్గర పావు మిల్లీమీటరు మందం ఉండేవి కూడా ఉంటాయి. వంకర వేరులో తిరిగీ తిరిగీ లోహం అలిసిపోయి పుటుక్కున విరుగుతుంది. చెయ్యి తిరిగిన వాళ్ల దగ్గరా విరుగుతుంది. ముక్కను లోపలే వదిలి, మిగతా కాలువ శుభ్రం చేసి మూసేస్తే ఏళ్ల తరబడి నిలబడే పళ్లున్నాయి. అందుకని ఫైల్ విరగడమే నిర్లక్ష్యం అని ఎవరూ అనరు. కానీ విరిగిందని నీకు చెప్పకపోవడం, కేసు షీట్‌లో రాయకపోవడం, స్పెషలిస్టు దగ్గరికి పంపాలా అని కూడా ఆలోచించకుండా పైన క్యాప్ బిగించెయ్యడం, వీటికి సమాధానం చెప్పుకోవాల్సింది ఆ డాక్టరే. నేను చూసినంతలో మనుషులకు మండేది పన్ను పోయినందుకు కాదు, దాచినందుకు.

ఫలితం బాగా రాకపోవడం వేరు, పని నిర్లక్ష్యంగా చెయ్యడం వేరు. పన్ను పీకిన రెండు నుంచి నాలుగు రోజులకు గుంటలో రక్తం గడ్డ ఊడిపోయి భరించలేని నొప్పి రావడం ఎంత జాగ్రత్తగా పీకినా జరగొచ్చు. ఒక పన్నుకి బదులు ఇంకో పన్ను పీకెయ్యడానికి మాత్రం సాకు లేదు. అలాగే ఎక్స్-రే తియ్యకుండా రూట్ కెనాల్ మొదలుపెట్టడం, పడదని ఫారంలో రాసిచ్చిన మందే ఇవ్వడం, చెయ్యని పనికి బిల్లు వెయ్యడం. విచారణలో అడిగేది ఇదే: అదే చదువు చదివిన జాగ్రత్తపరుడైన ఇంకో డాక్టరు ఆ పరిస్థితిలో ఇలా చేసేవాడా? చెయ్యడనుకుందాం. నీకు జరిగిన నష్టం దానివల్లే జరిగిందా? రెండో ప్రశ్న దగ్గరే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి. ఆ పన్ను ముందే సగం పుచ్చిపోయి ఉంటే, ఎవరు చేసినా పోయేదే అని అవతలివాళ్లు అంటారు. దానికి జవాబు వైద్యానికి ముందు తీసిన ఎక్స్-రేలో ఉంటుంది.

అందుకే మొదటి పని రికార్డులు తెచ్చుకోవడం. మాటలతో కాదు, మెయిల్‌లోనో ఉత్తరంలోనో అడుగు. కేసు షీట్, నువ్వు మొదట నింపిన ఆరోగ్య ఫారం, సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం, రాసిన మందులు, బిల్లులు, ముందూ మధ్యలో చివరా తీసిన ప్రతి ఎక్స్-రే. ఎక్స్-రేలు అసలు డిజిటల్ ఫైళ్లుగానే కావాలను, ఫోన్‌తో స్క్రీన్‌ని ఫొటో తీసి పంపితే ఒప్పుకోకు. ఎందుకని అడిగితే "నా దగ్గర ఉంచుకోవడానికి" అను, చాలు. చాలా దేశాల్లో కాపీ తీసుకోవడం పేషెంటు హక్కు. కాపీ ఖర్చు అడిగితే ఇచ్చెయ్, దాని మీద పోట్లాడకు. కోపం చూపిస్తూ అడిగితే షీట్‌లో కొత్త వాక్యాలు మొలిచే ప్రమాదం ఉంది, ఆ ముక్క కూడా చెప్పక తప్పదు.

కాగితాలు వచ్చాక పన్ను నంబర్లు చూసి కంగారుపడకు. పళ్లను లెక్కపెట్టే పద్ధతులు రెండు మూడున్నాయి. ఎడమ కింది మొదటి దవడ పన్ను ఒక పద్ధతిలో 36, అమెరికా వాళ్ల పద్ధతిలో 19. ఇక 14 అంటే ఒకచోట కుడి పైన ముందు దవడ పన్ను, ఇంకోచోట ఎడమ పైన పెద్ద దవడ పన్ను! ఏ పద్ధతిలో రాశారో తేల్చుకున్నాకే తప్పు పన్ను ముట్టుకున్నారో లేదో చెప్పగలం.

జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే నీ వైపు కథ కూడా తేదీలతో రాసిపెట్టుకో. ఎవరు చేశారు, ఏమన్నారు, ఎప్పటినుంచి నొప్పి, ఎన్ని మాత్రలు వేసుకున్నావు. వైద్యం చేసేటప్పుడు పన్ను చుట్టూ రబ్బరు తొడుగు బిగించారా? రబ్బర్ డ్యామ్ అంటాం. ఉమ్మి లోపలికి పోకుండా, ఫైల్ జారి గొంతులో పడకుండా కాపాడేది అదే. అది లేకుండా చేసి ఉంటే ఆ సంగతి తప్పక రాయి. క్యాప్ ఊడొస్తే పారెయ్యకు, డబ్బాలో దాచు. వాట్సాప్ చాట్లు ఒక్కటి కూడా చెరపకు.

రెండో అభిప్రాయానికి రూట్ కెనాల్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లు, మొదటి క్లినిక్‌తో సంబంధం లేనివాళ్ల దగ్గరికి. "ఆయన తప్పు చేశాడా?" అని మాత్రం అడగకు. అలా అడిగితే కొందరు నోరు విప్పరు, కొందరు నిన్ను తమ పేషెంటుని చేసుకోవడానికి ఎక్కువ విప్పుతారు. ఇప్పుడు పన్ను స్థితి ఏమిటి, ముక్క ఎక్కడుంది, ఏం చెయ్యొచ్చు, ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది? ఈ నాలుగూ అడిగి జవాబులు కాగితం మీద తీసుకో. నిన్న ఆ క్లినిక్‌లో "ఎవరు చేశారమ్మా" అని మొహం చిట్లించడం సాక్ష్యం కాదు. ఇంకొకటి, మళ్లీ వైద్యం మొదలైతే పాత పని ఆనవాళ్లు పోతాయి. ప్రాణం మీదికి వస్తే తప్ప, ఎక్స్-రేలూ ఫొటోలూ తీయించాకే దాన్ని తెరవనివ్వు.

తర్వాత నీకేం కావాలో నువ్వే తేల్చుకో. డబ్బు వెనక్కి రావడమో, మళ్లీ చేయించుకునే ఖర్చు రావడమో చాలనుకుంటే ఆ డాక్టరుతోనే మాట్లాడటం తక్కువ దారి. ఒంటరిగా వెళ్లకు. మాట్లాడాక అనుకున్నది అదే రోజు మెసేజ్‌లో రాసి పంపు. ఆ డాక్టరు మరొకరికి ఇలా చెయ్యకూడదనుకుంటే లైసెన్సు ఇచ్చే కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యి. వాళ్లు హెచ్చరించగలరు, లైసెన్సు ఆపగలరు, నీ డబ్బు ఇప్పించడం మామూలుగా వాళ్ల పని కాదు. పరిహారం కోర్టు దారి. ఒక్క పన్ను కోసమైతే నిపుణుడి నివేదికకూ లాయరుకూ అయ్యే ఖర్చు వచ్చే పరిహారాన్ని మించిపోవచ్చు, అందుకని నీకైతే నేను కోర్టు చెప్పను. నరం దెబ్బతిని ఉంటే అప్పుడు లెక్క వేరు. ఎక్కడైనా గడువంటూ ఒకటి ఉంటుంది, అది దాటితే ఎంత న్యాయమున్నా వినరు. పళ్ల కేసులు చూసిన లాయరుని ఆ గడువు గురించి ఇప్పుడే ఒకసారి అడిగి పెట్టుకో.

కన్సెంట్ ఫారంలో సంతకం పెట్టేశానని బెంగపడకు. ప్రమాదాలు తెలుసని చెప్పడమే అది, నిర్లక్ష్యానికి ఒప్పుకోవడం కాదు. రిఫండ్ ఇచ్చేటప్పుడు వాళ్లు చాచే కాగితం దగ్గరే నాకు భయం. "ఇక ఏ క్లెయిమూ లేదు" అని ఉంటే, తర్వాత పన్ను పీకాల్సి వచ్చినా నోరెత్తలేవు. ఇంటికి తెచ్చుకుని చదువుతానను, నాకూ ఒక కాపీ పంపు. విషయం తేలేదాకా ఆన్‌లైన్‌లో రివ్యూలు రాయకు. వాయిదాల మీద కట్టుతున్నావన్నావు కదా, ఆ అప్పు క్లినిక్‌దా, ఫైనాన్సు కంపెనీదా చూడు. కంపెనీదైతే కోపంతో కట్టడం ఆపకు, దెబ్బ నీ క్రెడిట్ స్కోరుకే తగులుతుంది.

పెదవి తిమ్మిరి సంగతి ఈ రాత్రికే మెసేజ్ పెట్టు.

మీ మామయ్య