మెస్‌లో నేను కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోతున్నారు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్లో దాదాపు అందరివీ వామపక్ష భావాలు. నావి కావు. నెల క్రితం ఒక ధర్నాకు రానని, ఎందుకు రానో క్లాసు వాట్సాప్ గ్రూపులో రాశాను. అప్పట్నుంచి మెస్‌లో నేను కూర్చుంటే పక్కవాళ్లు లేస్తున్నారు. గ్రూపులో వెటకారాలు. ఒక రాత్రి నా గది తలుపు బాది, తిట్టి వెళ్లారు. ఇంటర్నల్స్‌లో ఎప్పుడూ 40కి 30 దాటే నాకు ఈసారి 22 వచ్చాయి. నాన్నకు చెబితే ‘మనకెందుకమ్మా రాజకీయాలు, చదువుకో’ అంటున్నారు. నోరు మూసుకుని ఉండాలా?

జవాబు: మీ స్థానంలో ఎర్రజెండా అమ్మాయి ఉండి చుట్టూ కాషాయం ఉన్నా మా సలహా ఇదే. మెస్, గ్రూపు, తలుపు, మార్కులు... ఈ నాలుగింటినీ మీరు ఒకే మూటగా కట్టి మోస్తున్నారు. ముందు ఆ మూట విప్పండి, ఒక్కోదానికి మందు వేరు.

మెస్‌లో పక్కన కూర్చోమని ఎవరినీ ఏ రూలూ బలవంతపెట్టదు. లేచిపోతున్న వాళ్లందరికీ మీమీద కోపం ఉందనుకోకండి. మీతో కనబడితే తమనేమంటారో అన్న జంకు కొందరిది. అలాంటివాళ్లను గుంపులో కాకుండా లైబ్రరీలోనో టీ కొట్టు దగ్గరో ఒక్కొక్కరిగా పలకరించండి. అసైన్‌మెంట్ గురించి మాట్లాడండి, ధర్నా ఊసు ఎత్తకండి. ఇద్దరు దొరికితే చాలు.

గ్రూపు నుంచి బయటికి రాకండి, పరీక్షల కబుర్లు అక్కడే వస్తాయి. మ్యూట్ చేయండి. రాత్రిపూట జవాబు రాయకండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: పది వెటకారాలకు విసిగి ఒక ఘాటు మాట అంటారు, మర్నాడు స్క్రీన్‌షాట్‌గా తిరిగేది ఆ ఒక్క మాటే. హద్దు మీరిన మెసేజీలను తేదీ, నంబరు కనబడేలా దాచుకోండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే 24 గంటల్లోనే మాయం కావచ్చు. వాటిని ఇన్‌స్టాలో మాత్రం పెట్టకండి, ఫిర్యాదుదారు కాస్తా నిందితురాలవుతారు.

తలుపు బాదడం అభిప్రాయభేదం కాదు, ఇక్కడ ఓర్పు వద్దు. వార్డెన్‌కు రేపే రాసివ్వండి. తేదీ, సమయం, గది నంబరు, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లు ఒక పేజీలో సరిపోతాయి. కారిడార్‌లో సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ భద్రపరచమని అదే కాగితంలో అడగండి, పాతది చెరిగిపోతూ ఉంటుంది. రెండో ప్రతి మీద అందినట్టు సంతకం తీసుకోండి. ‘నా రాజకీయాల వల్ల వేధిస్తున్నారు’ అని మొదలుపెట్టకండి. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలకు 2016లో చేసిన సవరణ కులం, మతం, ప్రాంతం, భాష వంటి కారణాలతో వేధించడాన్నీ వెలివేయడాన్నీ పేరుపేరునా చేర్చింది, ఆ జాబితాలో రాజకీయ అభిప్రాయం లేదు. అందుకే కారణం కాదు, జరిగిన పని రాయండి. తిట్టులో కులమో ప్రాంతమో వచ్చి ఉంటే ఆ మాటను ఉన్నదున్నట్టు రాయండి. వార్డెన్ కదలకపోతే 1800-180-5522, ర్యాగింగ్ హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది.

మార్కుల దగ్గర అనుమానంతో మొదలుపెట్టకండి. నెలరోజులుగా సరిగా నిద్రపోని మనిషికి మార్కులు తగ్గడం వింతేమీ కాదు. దిద్దిన పేపరు చూపించమని అడగండి, మిగతావాళ్లకూ తగ్గాయేమో కనుక్కోండి. చూపించకపోతే ₹10 రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దిద్దిన పేపరు చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. తేడా కనబడితే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్ (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారి) దగ్గరికి అప్పీలుకు వెళ్లొచ్చు. అయితే ఉత్తి రీవాల్యుయేషన్ కోసమంటే ఆయన తీసుకోరు. ఫలానా చోట అవకతవకో వివక్షో జరిగిందని చూపించాలి.

నాన్నగారి మాటలో ఉన్నది భయం. ఆయనతో సిద్ధాంతం మాట్లాడకండి, ‘వార్డెన్‌కు రాసిచ్చాను, సంతకం తీసుకున్నాను’ అని చెప్పండి. నిద్ర ఇంకా పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక నోరు సంగతి. మీ క్యాంపస్‌లో విద్యార్థి సంఘం ఎన్నికలు జరుగుతుంటే కిందటిసారి ఓడినవాళ్లకు ఎన్ని ఓట్లొచ్చాయో చూడండి. గట్టిగా అరిచేవాళ్ల లెక్కా, పెట్టెలో పడిన ఓట్ల లెక్కా ఒకటి కాకపోవచ్చు. (మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ ఎన్నికలే లేక దశాబ్దాలైంది, అక్కడ గొంతునే సంఖ్య అనుకుంటారు.) క్లాసులో మాట్లాడితే పాఠంలోని పేజీ పట్టుకుని మాట్లాడండి, ముందు అవతలివాళ్ల వాదన వాళ్లే తలూపేంత సరిగ్గా చెప్పి తర్వాత మీది చెప్పండి. మళ్లీ ధర్నాకు పిలిస్తే ఒంట్లో బాగోలేదని అబద్ధమాడకండి. ‘నేను రాను’ అంటే చాలు. ఎందుకని నిజంగా అడిగినవాళ్లకు టీ తాగుతూ చెప్పండి, గ్రూపులో వద్దు.