ఆల్బమ్ కవర్లు కూడు పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కొరియన్ పాటల పిచ్చి. సింగర్లకు ఆల్బమ్ కవర్లు, బాక్సులు డిజైన్ చేస్తానంటోంది. పరీక్షలయ్యేదాకా రంగులు, కట్టర్ బీరువాలో పెట్టి తాళం వేశాను. బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మంచిదా, బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) మంచిదా? అసలు ఇదో ఉద్యోగమేనా?
– ఓ తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు అడగాలనుకున్నది ఆ చివరి ముక్కే. పెళ్లిళ్లలో ఎవరైనా ‘పాప ఏం చదువుతోంది?’ అంటే ఏం చెప్పాలన్న బెంగ కూడా అందులో ఉంది. మీరు రాయలేదు, నాకు వినిపించింది.

ముందు అమ్మాయికి రుచించని మాట. ఆల్బమ్ ప్యాకేజింగ్ ఒక్కటే చేస్తూ హైదరాబాద్‌లో నెలజీతం తెచ్చుకోవడం కష్టం. మన దగ్గర పాట ఫోన్లోకే విడుదలవుతుంది. యాప్‌కి ఇచ్చే కవర్ 3000 పిక్సెళ్ల చదరం, తీరా తెర మీద తపాలా బిళ్లంత. కొరియా ఆల్బమ్‌లో ఫొటో కార్డులు, పుస్తకం, పోస్టర్ ఉంటాయి. అక్కడి అభిమానులు ఆ పెట్టె కోసమే కొంటారు, అదీ ఒకటికి నాలుగు. ఆ కొనుగోలు ఇక్కడ లేదు. 12 అంగుళాల ఎల్పీలు, అంటే పాతకాలపు గ్రామఫోన్ రికార్డులు, మళ్లీ వస్తున్నాయి గానీ వాటినే నమ్ముకుని కాపురం చేయలేం. అందుకే ఈ మోజును బ్రోషర్‌లో అచ్చేసి లక్షల్లో ఫీజు అడిగే కాలేజీలంటే నాకు అనుమానం. వెళ్తే ఒక్కటే అడగండి: మీ పిల్లలు చేసి, ప్రెస్‌లో అచ్చయినదేదైనా ఉందా? కంప్యూటర్లో చూపిస్తే ఒప్పుకోకండి, చేతిలో పెట్టమనండి.

ఎందుకంటే పనంతా అక్కడే తేలుతుంది. పోయినేడు ఓ కుర్రాడు తాను చేసిన సీడీ కవర్ తెచ్చాడు. తెర మీద ముచ్చటగా ఉంది. అట్ట మందం లెక్కేసుకోలేదు, మడత పెట్టేసరికి వీపు మీద, అంటే సన్నని పక్క అంచు మీద, ఉండాల్సిన పేరు ముందుకి జారింది. అంచుకి ఆనించి రాసిన అక్షరం కింది వత్తు కటింగ్‌లో ఎగిరిపోయింది. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు వదలాలని ఆ వత్తే నేర్పింది వాడికి. అది తెలిసినవాళ్లకి మందుల డబ్బా, స్వీటు బాక్సు, ఛత్తాబజార్ పెళ్లి పత్రిక, అన్నీ పనే. ఆల్బమ్ అప్పుడప్పుడూ వస్తుంది.

బీఎఫ్‌ఏనా, బీడిజైనా అంటారా? రెండూ నాలుగేళ్లే. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్ (ప్రకటనలు, ప్యాకింగ్ లాంటి వాటికి పనికొచ్చే కళ) సీటు వస్తే చెయ్యి తిరుగుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది, దానికి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఏది వస్తే అది. ఇందులో తప్పు దారంటూ లేదు, నిద్ర పాడుచేసుకోకండి.

ఇక మీ సంగతి. చదువుకునే పిల్ల చేతిలో పనిముట్టు లాక్కుని, పైగా ‘పిచ్చి’ అంటారా? మీ అమ్మాయి సినిమా హీరోయిన్ అవుతానన్లేదు, అట్ట కోస్తానంది. ఆ కట్టర్ ఈ రాత్రికే ఇచ్చేయండి. కింద పాత క్యాలెండర్ పరుచుకోమనండి, లేదంటే డైనింగ్ టేబుల్ మీద గీతలు పడతాయి.