స్కిజోఫ్రీనియా: భ్రమా, భ్రాంతా?

సందేహం: స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బును ఒక వ్యాసంలో ‘ద్వంద్వ వ్యక్తిత్వం’ అనీ, వేరొకచోట ‘మనోవైకల్యం’ అనీ రాశారు. లక్షణాలు చెప్పేటప్పుడు భ్రమ, భ్రాంతి అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడుతున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ‘ద్వంద్వ వ్యక్తిత్వం’ నిశ్చయంగా తప్పు. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ 1908లో చీలిక, మనస్సు అనే అర్థాలున్న గ్రీకు మాటలను కలిపి ఈ పేరు పెట్టినప్పుడు, ఆలోచనకూ ఉద్వేగానికీ ప్రవర్తనకూ పొందిక తప్పడాన్ని ఉద్దేశించాడే గాని, ఒకే మనిషిలో ఇద్దరు కాపురముండడాన్ని కాదు. అది వేరే రుగ్మత. మన సినిమాలు రెంటినీ కలగాపులగం చేశాయి. ‘మనోవైకల్యం’ తప్పు కాదు గాని, బుద్ధిమాంద్యంతో సహా ఎన్నింటికో సరిపోయేంత వదులైన మాట. ‘మనసు చీలిన జబ్బు’ అనే అర్థమిచ్చే పాత పేరును జపానువారు 2002లో మార్చుకున్నారు. మనకు ఆ బెడద లేదు. స్కిజోఫ్రీనియా అనే మాటనే తెలుగు లిపిలో రాసుకుంటే చాలు.

భ్రమ, భ్రాంతుల చిక్కు ఇంతకంటె లోతైనది. రెండూ ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టినవి కనుక వాడుకలో వాటి మధ్య గట్టి హద్దు లేదు. వైద్యులకు మాత్రం హద్దు కావాలి. పొరుగువారు తనపై కుట్ర పన్నుతున్నారనీ, టీవీలో వార్తలు చదివే ఆమె తనకే సంకేతాలిస్తున్నదనీ, ఎన్ని రుజువులు చూపినా సడలకుండా నమ్మడం డెల్యూషన్. ఎవరూ లేని గదిలో మాటలు వినిపించడం హాలూసినేషన్. మొదటిదానికి భ్రమ, రెండవదానికి భ్రాంతి అని కొందరు పంచుతున్నారు. రెండవదానిపై నాకు అభ్యంతరముంది: తాడును చూసి పామనుకోవడాన్ని మన శాస్త్రాలు భ్రాంతి అన్నాయి, అక్కడ తాడైనా ఉంది, ఇక్కడ అదీ లేదు. కనుక ‘లేని మాటలు వినిపించడం’ అని విడమరచి రాయడమే మేలు. డెల్యూషన్‌ను ‘అపనమ్మకం’ అనడం మరీ పొరపాటు, ఆ మాటకు నమ్మకపోవడమని అర్థం. రోగి సమస్యేమో నమ్మకం వదలకపోవడం.

సైకోసిస్ కూడా స్కిజోఫ్రీనియాకు పర్యాయపదం కాదు. వాస్తవంతో పట్టు తప్పిన ఆ స్థితి తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, అతి ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ రుగ్మతలోనూ, కొన్ని మత్తుపదార్థాల వల్లనూ రావచ్చు. అమెరికన్ మనోవైద్యుల ప్రమాణం ప్రకారం జబ్బు జాడలు కనీసం 6 నెలలు ఉంటేనే స్కిజోఫ్రీనియా అంటారు. నెలలోపే పూర్తిగా తగ్గితే దాని పేరు వేరు.

మనిషిని చెప్పేటప్పుడు ‘స్కిజోఫ్రీనియా ఉన్న వ్యక్తి’ అనడం మర్యాద. పూటకో మాట చెప్పే పార్టీకి మాత్రం ఈ జబ్బును అంటగట్టనక్కరలేదు; దానికి ‘రెండు నాల్కల ధోరణి’ అనే పలుకుబడి మనకు ఉండనే ఉంది.