అమలాపురంలో మా డాబా మీద హాట్ టబ్ (కూర్చుని సేదతీరే వేడి నీళ్ల తొట్టి) పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, మే నెల ఉక్కపోతలో ఎవరు దిగుతారో గానీ! ముందు శ్లాబు ఇంజనీరుకి చూపించండి. వెయ్యి లీటర్ల నీళ్లంటేనే టన్ను బరువు, టబ్బూ మనుషులూ అదనం.

కోనసీమలో అసలు తలనొప్పి బోరు నీళ్లు. సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఉప్పన. గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే హీటర్ కాయిల్‌కీ పడుతుంది. అందుకే నీళ్లు పరీక్ష చేయించాకే టబ్ కొనండి. వేడికి క్లోరిన్ త్వరగా పోతుంది. అది 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాములు) కంటే తగ్గకూడదు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార కొలత) 7.2–7.8 మధ్య ఉండాలి. చేతికి టబ్ గోడ జిగురుగా తగిలితే దిగొద్దు.

వేడి 40 డిగ్రీలు దాటనివ్వకండి. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగాల్సిందే. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఇంట్లో పిల్లలుంటే తాళం పడే మూత ఉన్నదే తీసుకోండి.