మాత్రల సంగతి తర్వాత, ముందు మీ ఏటీఎం కార్డు అడిగి తీసుకోండి

ప్రశ్న: నా వయసు 68. ప్రొద్దుటూరులో హైస్కూలు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మూడేళ్ల క్రితం మావారు పోయాక కడపలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కొడుకు, కోడలు బాగా చూసుకుంటారు, ఏ పనీ చేయనివ్వరు. పెన్షన్ వ్యవహారం అంతా అబ్బాయిదే, కార్డు కూడా అతని దగ్గరే ఉంటుంది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు లెక్కల ట్యూషన్ నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది. నాకు టీవీయే కాలక్షేపం. ఈమధ్య మతిమరుపు పెరిగింది. వాళ్లు చెప్పిన విషయాన్ని చెప్పనే లేదని వాదిస్తున్నానట. మళ్లీ అడిగితే అబ్బాయి "నీకెందుకులే అమ్మా" అంటాడు. బుర్ర చురుగ్గా ఉండాలంటే ఏ మాత్రలు వాడాలి? రోజుకు ఎన్ని సుడోకులు చేయాలి? బాదం పప్పు, సరస్వతి ఆకు పనిచేస్తాయా?
— ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి ముందుగా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. జ్ఞాపకశక్తి మాత్రలు కొనకండి. మతిమరుపు జబ్బు రాకుండా ఉండటానికని విటమిన్ బి, ఇ మాత్రలు, చేపనూనె గుళికలు వాడమని సిఫారసు చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. రక్తపరీక్షలో బి12 తక్కువని తేలి వైద్యులు రాసిస్తే అది వేరు. సుడోకు ఇష్టమైతే చేయండి. దానివల్ల సుడోకు బాగా వస్తుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకండి. బాదం పప్పు నిక్షేపంగా తినండి. సరస్వతి ఆకు మాత్రం, బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే, వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏళ్ల తరబడి ఊరి పిల్లలకు బీజగణితం చెప్పిన టీచరమ్మ ఒక గదిలో టీవీ ముందు కూర్చుని ఉంటే, ఆ ఇంటి పిల్లే డబ్బు కట్టి లెక్కలు నేర్చుకోవడానికి వీధి దాటి వెళ్తోంది. ఇది రాస్తున్నప్పుడు మీ చెయ్యి ఆగలేదా? నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీ ఇబ్బంది మతిమరుపుతో మొదలు కాలేదు. మీకూ మీ అబ్బాయికీ మధ్య మొదలైంది.

అతను చెడ్డవాడని అనడం లేదు. తండ్రి పోయాక తల్లి మీద ఏ బరువూ పడకూడదనుకున్నాడు. మన ఇళ్లలో చాలామంది కొడుకులు దీన్నే బాధ్యత అనుకుంటారు. తల్లికి తోడుగా నిలబడటం కొడుకు బాధ్యత. ఆమె చేతిలో ఉన్నవన్నీ తీసేసుకోవడం కాదు. మీరూ అడగలేదు. బ్యాంకు, బజారు, వంటిల్లు ఒక్కొక్కటే వదిలేస్తూ వచ్చారు, దాన్నే సుఖమనుకున్నారు. ఆ పెన్షన్ మీరు చాక్‌పీసు పొడిలో నిలబడి సంపాదించుకున్నది. మీ చేతికి రావాలి. "కార్డు నా దగ్గర ఉంచుకుంటాను నాయనా, ఇంటి ఖర్చుకు ఎంత ఇవ్వాలో చెప్పు" అనండి. గొడవ పడనక్కరలేదు, బతిమాలనూ అక్కరలేదు. నెలకోసారి బ్యాంకుకు నడిచి వెళ్లండి, పాసుపుస్తకం మీరే చూసుకోండి, ఖర్చులు నోటుపుస్తకంలో రాసి కూడిక మీరే వేయండి. ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం సంగతి కూడా మీరే గుర్తుపెట్టుకుని, తోడుకు మాత్రం అబ్బాయిని పిలవండి. బుర్రకు ఇంతకన్నా మంచి పని నేను చెప్పలేను.

మీరు రాసినదాన్లో ఇంకొకటి ఉంది. వాళ్లు చెప్పారంటున్నారు, మీరు చెప్పలేదంటున్నారు. మీకు సరిగ్గా వినబడుతోందా? వంటింట్లో మిక్సీ తిరుగుతూ, హాల్లో టీవీ మోగుతూ ఉండగా, కోడలు అటు తిరిగి "ఆదివారం పెళ్లికి వెళ్లాలి" అంటుంది. మీకు 'ఆదివారం' ఒక్కటే అందుతుంది. మర్నాడు అది మతిమరుపు లెక్కలో పడిపోతుంది. వినని మాట గుర్తుండేదెలా? లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం 2024లో, మతిమరుపు జబ్బుకు దారితీసేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 ఉన్నాయని చెప్పింది. వాటిలో వినికిడి తగ్గడం ఒకటి, నలుగురితో కలవకపోవడం ఒకటి. రక్తపోటు, షుగరు, దిగులు, చూపు మందగించడం కూడా ఉన్నాయి. అన్నిటినీ చక్కబెట్టుకోగలిగితే దాదాపు సగం కేసులను ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని ఆ నివేదిక అంచనా. కాబట్టి రిమ్స్‌లో గానీ, మీకు నమ్మకమున్న చోట గానీ, ఈ నెలలోనే చెవి పరీక్ష చేయించుకోండి. వినికిడి యంత్రం పెట్టుకోమంటే నామోషీ పడకండి. కళ్లజోడుకు లేని నామోషీ దీనికెందుకు? అదే వరసలో బీపీ, షుగరు, థైరాయిడ్, బి12 చూపించుకోండి. భర్త పోయిన దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తుంది. నిద్ర పట్టకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే వైద్యుడికి దాచకుండా చెప్పండి. తెలిసిన వీధిలో దారి తప్పినా, చెయ్యి తిరిగిన వంట చేసే వరస మరిచిపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా నరాల వైద్యుణ్ణి కలవాలి.

మిగతావి మీకు తెలియనివి కావు. వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవాలంటారు. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే సరిపోతుంది. ఒంటరిగా మిద్దె మీద కాదు, తోడు చూసుకుని నడవండి. కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఒకసారి వెళ్లి రండి. ప్రొద్దుటూరులో మీతో పనిచేసిన టీచర్లకు ఫోను చేసి ఎన్నాళ్లయింది? వచ్చే ఉగాదికి ఓళిగల పిండి మీరే కలపండి. కోడలు వద్దంటే, పక్కన నిలబడి నేర్చుకోమనండి.

ఇది చదివితే మీ అబ్బాయికి కూడా ఒక మాట. నాయనా, మీ అమ్మతో మాట్లాడేటప్పుడు టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని మాట్లాడు. రెండోసారి అడిగితే రెండోసారి చెప్పు. చిన్నప్పుడు నీకు ఎక్కాలు ఎన్నిసార్లు చెప్పించి ఉంటుందో ఆమెను అడుగు. చెవి పరీక్షకు నువ్వే వెంట వెళ్లు. కార్డు ఆమె అడిగేదాకా ఆగకుండా ఇవాళే ఇచ్చేయి. పాపకు రేపటి నుంచి నానమ్మ దగ్గర ఒక గంట లెక్కలు పెట్టించు. పరీక్షల్లో మార్కులు చూశాక ట్యూషన్ ఉంచాలో మాన్పించాలో ముగ్గురూ కూర్చుని నిర్ణయించండి.