రెండు ట్యాంకులు, ఒకే మోటారు: వాల్వులు కలిసి తెరుచుకుంటుంటే

తమ్ముడూ, విజయనగరంలో మీ ఇంట పై ట్యాంకు ఫ్లోట్ (నీటి మట్టాన్ని బట్టి పనిచేసే స్విచ్) ఆన్ అయితే కింది ట్యాంకు కరెంటు వాల్వు కూడా తెరుచుకుని నీళ్లు పొర్లిపోతున్నాయన్నావు కదా. వాల్వులు మార్చకు. శ్రీకాకుళంలో మా ఇంట్లో నేను రెండు మార్చి డబ్బు తగలేశాకే తెలిసింది, తప్పు వైరింగులో ఉందని.

రెండు ఫ్లోట్ స్విచ్‌ల నుంచి వాల్వులకెళ్లే ఫేజు వైర్లను మోటారును ఆన్ చేసే స్టార్టర్ కాయిల్ దగ్గర ఒకే టెర్మినల్‌లో కలిపేసి ఉంటారు. ఒక ఫ్లోట్ కరెంటు ఆ ముడి దాటి వెనక్కెళ్లి రెండో వాల్వునీ తెరుస్తుంది. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, కింది ట్యాంకు వైరొక్కటే ఆ టెర్మినల్ నుంచి ఊడదీసి కొన టేపు చుట్టు. ఇప్పుడు పై ట్యాంకు నింపినప్పుడు కింది వాల్వు కదలకపోతే అదే రోగం.

ఒక్కో వాల్వుకు సమాంతరంగా 230 వోల్టుల రిలే (కరెంటు అందగానే తన కాంటాక్టులను కలిపే చిన్న స్విచ్) పెట్టించు. స్టార్టర్ కాయిల్‌కి రిలే కాంటాక్టులే సమాంతరంగా వెళ్లాలి, వాల్వు వైర్లు కాదు.