టేపుతో పాటు ప్రైమర్ ఊడి వస్తోంది

ప్రశ్న: ప్లాస్టిక్ విమానం కిట్‌కు స్ప్రే డబ్బా ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టాను. మాస్కింగ్ టేపు తీస్తుంటే పెచ్చులుగా లేచి వస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలాసార్లు తప్పు ప్రైమర్‌ది కాదు, కింద ఉన్న జిడ్డుది. అచ్చు నుంచి ముక్క సులువుగా వదలడానికి పూసే నూనె, మన వేళ్ల చెమట ప్లాస్టిక్ మీదే ఉండిపోతాయి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో గీతల్లోకి పోయేలా రుద్దండి. బాగా కడిగి రాత్రంతా ఆరనివ్వండి. ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోవద్దు. మరీ నున్నగా ఉన్నచోట 1000 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తేలిగ్గా తిప్పండి. ఎన్‌సీ థిన్నర్‌తో (లాకర్ రంగులను పలుచన చేసే ఘాటైన ద్రావకం) మాత్రం తుడవకండి, కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ కరిగిపోతుంది.

లాకర్ ప్రైమర్ (ఘాటైన ద్రావకంతో చేసే రకం) ప్లాస్టిక్‌ను కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. నీటి అక్రిలిక్ పైపైనే కూర్చుంటుంది. అందుకే మొదటిదే మేలు.

ఇంకో సంగతి, మన ఓరుగల్లు ఎండ. మే నెల మధ్యాహ్నం కొడితే తుంపర గాలిలోనే ఆరి, పొడిలా రాలి పడుతుంది. అది పట్టదు. పొద్దున్నే, గాలి ఆడే నీడలో, 20 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు మూడు పలుచని పూతలు, మధ్యలో 15 నిమిషాలు ఆగి వేయండి. టేపు 24 గంటల తర్వాతే.